ట్రావెల్ ట్రైలర్‌లో ఏసీ గాలి చివరి వెంట్ దాకా రావాలంటే ఏం చెయ్యాలి

ట్రావెల్ ట్రైలర్ అంటే బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. అందులో ఏసీ ఫుల్లుగా మోగుతూ ఉంటది, కరెంటు లాగుతూ ఉంటది, ట్రైలర్ పక్కనుంచి నీళ్ళు కూడా బొట్లు బొట్లు కారుతూ ఉంటాయి, అంటే ఏసీ పని చేస్తున్నట్టే, కానీ బెడ్‌రూమ్ వెంట్ కింద, అంటే సీలింగ్‌లో గాలి బయటికొచ్చే రంధ్రం కింద, చెయ్యి పెడితే మాత్రం ఎవరో నిద్రలో ఊపిరి వదుల్తున్నట్టు ఉంటది గాలి. మీ ట్రైలర్‌లో కూడా ఇదే పరిస్థితి అయితే కొత్త ఏసీకి డబ్బులు తగలేసే ముందు ఒకసారి ఇది చదవండి. చాలాసార్లు తప్పు ఏసీది కాదు, ఏసీకీ వెంట్‌కీ మధ్యలో సీలింగ్ లోపల కనపడకుండా ఉన్న డక్ట్‌ది, అంటే గాలి పోయే దారిది.

మేముండేది డాలస్ పక్కన. ట్రైలర్ 26 అడుగులది, సెకండ్ హ్యాండ్, పైన ఒకటే 13,500 బీటీయూ ఏసీ (బీటీయూ అంటే ఏసీ ఎంత చల్లబరుస్తుందో చెప్పే కొలత), 30 ఆంప్ కనెక్షన్. పోయిన జూలైలో ఇంక్స్ లేక్ స్టేట్ పార్క్‌కి పోయాం, టెక్సస్ హిల్ కంట్రీ, చుట్టూ గులాబీ రంగు రాళ్ళు, ఎండకి ఆ రాళ్ళ మీద దోశ పోసుకోవచ్చు. మా అత్తగారు మామగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, పెద్దవాళ్ళు కదా అని బెడ్‌రూమ్ వాళ్ళకిచ్చి మేం పిల్లల్ని వేసుకుని హాల్లో పడుకున్నాం. తీరా రాత్రి పది అయ్యేసరికి హాల్లో మాకు దుప్పట్లు కావాల్సొచ్చాయి, లోపల వాళ్ళేమో పేపర్ ప్లేట్లతో విసురుకుంటూ కూర్చున్నారు. మామగారిది దర్శి దగ్గర ఊరు, సాగర్ కుడి కాలువ చివరి భూములు. "ఏంటి అల్లుడుగారూ, మీ ఏసీ కూడా మా కాలువలాగే ఉందే, పైనోళ్ళకి మూడు పంటలు, చివరోళ్ళకి బురద కూడా రాదు" అన్నాడు. నవ్వాం గానీ తర్వాత రెండు నెలలు ఈ సీలింగ్‌తో కుస్తీ పట్టాక అర్థమైంది ఆయన చెప్పింది అక్షరాలా నిజమని. కాలువకి గండి పడినా, పైన తూములన్నీ బార్లా తెరిచి ఉన్నా, మధ్యలో పూడిక ఉన్నా చివరికి నీళ్ళు రావు, డ్యామ్‌లో ఎంత నీరున్నా సరే. ఇక్కడ కూడా అంతే, ఆ మూడే.

ముందు ఒక్క విషయం, లోపల ఏముందో తెలియకుండా విప్పొద్దు. ఇంట్లో ఏసీకి ఉన్నట్టు ట్రైలర్‌లో రేకు పైపులు ఉంటాయనుకుంటాం, చాలా వాటిల్లో అలాంటివేం ఉండవు. రూఫ్ మీద 14 పావు అంగుళాల చదరపు రంధ్రం ఉంటది, దాని మీద ఏసీ యూనిట్ కూర్చుని ఉంటది, కింద లోపలి నుంచి నాలుగు పొడవాటి బోల్టులు దాన్ని బిగించి పట్టుకుంటాయి. ఆ రంధ్రం మందాన్నే ప్లీనమ్ అంటారు, అంటే గాలి పంచే పెట్టె అనుకోండి. అందులో ఒక సగం చల్లగాలి కిందకి దిగేది, ఇంకో సగం రూమ్‌లో గాలిని పైకి పీల్చుకునేది, రెంటికీ మధ్య ఒక అడ్డగోడ. చల్లగాలి వైపు నుంచి ముందుకీ వెనక్కీ సీలింగ్ లోపల సన్నటి డక్టులు పోతాయి, అవి కొన్నిట్లో థర్మాకోల్ లాంటి ఫోమ్‌లో తవ్విన గాడి, కొన్నిట్లో చెక్కల మధ్య ఖాళీకి ఫాయిల్ అంటించింది, అంతే. ఫ్యాక్టరీలో కింద నుంచి హోల్ సా, అంటే గుండ్రంగా కోసే రంపం, పెట్టి టకటకా రంధ్రాలు కొట్టేసి ప్లాస్టిక్ వెంట్ తగిలించేస్తారు. ఆ రంధ్రం డక్ట్‌కి సరిగ్గా మధ్యలో పడిందా, అంచులు అతికాయా అని చూసే తీరిక ఎవరికీ ఉన్నట్టు లేదు.

ఇంకోటి, నేల మీద కనపడే వెంట్లు వేరే. అవి సాధారణంగా హీటర్‌వి, ప్రొపేన్ ఫర్నేస్ నుంచి వచ్చేవి. ఏసీ గాలి కోసం వాటిని టేపులు పెట్టి కెలకొద్దు, వేడికి ఏమైనా అయితే అది ఇంకో తలనొప్పి.

కావాల్సిన సామాన్లు. అల్యూమినియం ఫాయిల్ టేప్, రెండు రోల్స్, మీద యూఎల్ 181 అని రాసి ఉన్నదే తీసుకోండి, అది డక్టుల టేపుకి ఉండే ప్రమాణం గుర్తు. బూడిద రంగు గుడ్డ టేప్ ఉంటది కదా, పేరుకి డక్ట్ టేపే గానీ డక్టులకి తప్ప అన్నిటికీ పనికొస్తది. నేను కావాలని అంటున్న మాట కాదు, కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ నేషనల్ ల్యాబ్‌లో మాక్స్ షెర్మన్, ఇయాన్ వాకర్ 1998లో రకరకాల టేపుల్ని, సీలెంట్లని వేడిలో చలిలో మార్చి మార్చి పెట్టి చూస్తే ఘోరంగా ఫెయిల్ అయింది ఆ గుడ్డ టేపే. టెక్సస్ ఎండలో ట్రైలర్ రూఫ్ అంటే ఆ ల్యాబ్ కంటే తక్కువేం కాదు. తర్వాత, రెండు వైపులా ఫాయిల్ ఉన్న గట్టి ఫోమ్ షీట్, అర అంగుళం మందంది, హోమ్ డిపోలో పెద్ద షీట్ దొరుకుతుంది. రబ్బింగ్ ఆల్కహాల్, పాత గుడ్డలు, పనికిరాని క్రెడిట్ కార్డ్ ఒకటి, కట్టర్, స్క్రూడ్రైవర్లు, హెడ్‌ల్యాంప్, చేతికి గట్టి గ్లోవ్స్, చిన్న వ్యాక్యూమ్. కిచెన్‌లో వాడే సూది లాంటి డిజిటల్ థర్మామీటర్ ఒకటి, రెండుంటే ఇంకా మంచిది. లేజర్ చుక్క పడే గన్ థర్మామీటర్ వద్దు, అది గాలి టెంపరేచర్ కొలవదు, ప్లాస్టిక్ వెంట్ మీద టెంపరేచర్ కొలుస్తది, మీరేమో గాలి అనుకుని మురిసిపోతారు. ఆఖర్న ఒక అగరబత్తి ప్యాకెట్. అవును అగరబత్తే, ఎందుకో చెప్తా.

ఫస్ట్ స్టెప్, విప్పే ముందు కొలవండి. ఇది అందరూ ఎగరగొట్టే స్టెప్, నేనూ మొదటిసారి ఎగరగొట్టా, తర్వాత బాగుపడిందో లేదో తెలియక మా ఆవిడతో వాదన. మధ్యాహ్నం పూట, ఏసీని హై ఫ్యాన్‌లో అరగంట తిరగనివ్వండి, తలుపులు కిటికీలు మూసి. ఏసీ కింద గ్రిల్‌కి అటూ ఇటూ నేరుగా గాలి కొట్టే మూతలు ఉంటాయి చూడండి, క్విక్ కూల్ అనో డంప్ అనో అంటారు, అవి పూర్తిగా మూసేయండి, అప్పుడే గాలంతా డక్టుల్లోకి పోతది. ఇప్పుడు మూడు చోట్ల కొలవండి: ఏసీ గాలి పీల్చుకునే గ్రిల్ దగ్గర, ఏసీకి దగ్గర్లో ఉన్న వెంట్‌లో, అన్నిటికన్నా దూరం వెంట్‌లో. పేపర్ మీద రాసుకోండి.

ఏసీ బాగుంటే పీల్చుకునే గాలికీ వదిలే గాలికీ మధ్య తేడా ఇంచుమించు 16 నుంచి 22 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు, బయట 104 ఉన్నా వెంట్‌లో 50 రావాలనుకుంటారు. రాదు. లోపల గాలి 95 ఉంటే వెంట్‌లో 75 వస్తది, అది ఏసీ తప్పు కాదు, ఆ 75 గాలి మళ్ళీ మళ్ళీ తిరిగి తిరిగి రూమ్ చల్లబడాలి, అందుకే పొద్దున్నే ఆన్ చెయ్యాలి గానీ మధ్యాహ్నం రెండింటికి కాదు. మాకు వచ్చిన లెక్క ఇదీ: పీల్చుకునే చోట 84, దగ్గర వెంట్‌లో 64, బెడ్‌రూమ్‌లో 71. అంటే ఏసీ శుభ్రంగా 20 డిగ్రీలు దించుతోంది, అందులో 7 దారిలోనే పోతోంది. దగ్గర వెంట్‌లోనే తేడా 12, 13 కంటే ఎక్కువ రావట్లేదంటే మాత్రం ఆగండి, అది మురికి కాయిల్ (ఏసీలో గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) కావచ్చు, కరెంటు వోల్టేజ్ తక్కువ కావచ్చు, ప్లీనమ్‌లో చల్లగాలి వెనక్కి తిరిగిపోతుండొచ్చు, లేదా ఏసీకే జబ్బు కావచ్చు. గాలి స్పీడ్ కూడా చూస్కోండి, టిష్యూ పేపర్ ముక్క ఒకటి సన్నగా చింపి ప్రతి వెంట్ కింద పట్టుకుంటే ఏది ఎగురుతోందో ఏది ఊగీ ఊగనట్టు ఉందో తెలిసిపోద్ది.

ఇప్పుడు అగరబత్తి సంగతి. ఆ ఇంక్స్ లేక్ ట్రిప్‌లోనే మర్నాడు పొద్దున మామగారు స్నానం చేసొచ్చి డైనింగ్ టేబుల్ మీద చిన్న దేవుడి పటం పెట్టుకుని అగరబత్తి వెలిగించారు, ఏసీ నడుస్తోంది. పొగ నేరుగా పైకి పోయి సీలింగ్ దగ్గర పడుకుని, గ్రిల్‌లోకి పోకుండా గ్రిల్ ఫ్రేమ్‌కీ సీలింగ్‌కీ మధ్య సన్న సందులోకి పాములాగా దూరిపోయింది. ఆయన "పొగ దేవుడి దగ్గరికి కాకుండా ఎటు పోతోందండీ" అన్నారు, నేను కాఫీ కప్పుతో అలాగే నిలబడి చూస్తున్నా. ఆ సందులోకి పొగ పోతోందంటే లోపల సీలింగ్ ఖాళీలోంచి కూడా గాలి పీలుస్తోందన్నమాట, ఆ ఖాళీలో ఉండేది రూఫ్ ఎండకి కాలిన గాలి.

కాబట్టి మీరూ చెయ్యండి. అగరబత్తి వెలిగించి గ్రిల్ ఫ్రేమ్ చుట్టూ, ప్రతి వెంట్ అంచు చుట్టూ, సీలింగ్‌లో లైట్ల చుట్టూ, స్పీకర్ల చుట్టూ మెల్లగా తిప్పండి. పీల్చే వైపు పొగ లోపలికి పోతది. చల్లగాలి వైపు లీకుంటే పొగ పక్కకి కొట్టుకుపోతది. లైటు సందులోంచి చల్లగాలి వస్తుందంటే ఇంక మాట్లాడక్కర్లేదు, డక్ట్ గాలి సీలింగంతా ఊరేగుతోంది. బూడిద పడకుండా కింద ప్లేట్ పట్టుకోండి, కర్టెన్ల దగ్గర జాగ్రత్త, స్మోక్ అలారం మాత్రం అరుస్తది, మాది అరిస్తే పక్క సైట్లో ఉన్నాయన పరిగెత్తుకొచ్చాడు, ఆయనకి పూజ గురించి చెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు.

ఇంక విప్పడం. థర్మోస్టాట్ ఆఫ్, ట్రైలర్ ప్యానెల్‌లో ఏసీ బ్రేకర్ ఆఫ్, ఆ తర్వాత బయటికెళ్ళి పెడెస్టల్ (సైట్లో కరెంటు ఇచ్చే స్తంభం) నుంచి ప్లగ్గే పీకేయండి. మూడూ చెయ్యండి, ఒకటి చేస్తే చాల్లే అనుకోవద్దు, ఇది 120 వోల్టులు. లోపల కంట్రోల్ బాక్స్‌లో కెపాసిటర్ ఉంటది, కరెంటు తీసినా దాంట్లో చార్జ్ మిగిలి ఉంటది, దాని మూత జోలికి పోవద్దు, మన పనికి దాంతో అవసరమే లేదు.

ఫిల్టర్లు తీసి సబ్బు నీళ్ళలో ఉతికి ఆరేయండి. మా ట్రైలర్‌లో ఫిల్టర్ తీస్తే ఫెల్ట్ గుడ్డలాగా ఉంది, పాత ఓనర్ వాళ్ళ కుక్క తెల్లదని అప్పుడు తెలిసింది. ఏసీ వాడుతున్నన్నాళ్ళూ రెండు వారాలకోసారి ఉతకాలి ఇది. తర్వాత ప్లాస్టిక్ గ్రిల్ స్క్రూలు తియ్యండి, కింద ఇంకో మనిషి పట్టుకుని ఉంటే మంచిది, కొన్నిట్లో దానికి స్విచ్ వైర్లు ఉంటాయి, లాగితే ఊడొస్తాయి. ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీస్కోండి, మళ్ళీ బిగించేటప్పుడు ఏది ఎక్కడో అన్న గోల ఉండదు. రేకు అంచులు కత్తుల్లా ఉంటాయి, గ్లోవ్స్ వేస్కున్నాకే చెయ్యి పెట్టండి.

హెడ్‌ల్యాంప్ పెట్టుకుని తల పైకెత్తి చూడండి. అసలు పనంతా ఇక్కడే, సగం రోజు ఇక్కడే పెట్టండి, మిగతావి తొందరగా అయిపోతాయి.

ముందు ఆ మధ్య అడ్డగోడ. చల్లగాలి వైపుకీ పీల్చే వైపుకీ మధ్య ఉన్న ఈ ఫోమ్ ముక్కో రేకో ఎక్కడైనా వేలు దూరేంత సందుంటే చల్లగాలి రూమ్‌లోకి రాకుండానే పక్కనుంచి మళ్ళీ ఏసీలోకి పోతది. దీనివల్ల రెండు నష్టాలు, ఒకటి మీకు చలి రాదు, రెండు అప్పటికే చల్లగా ఉన్న గాలి కాయిల్ మీదకి పోయి పోయి కాయిల్ మంచు కడుతది, మంచు కడితే గాలి ఇంకా తగ్గుతది. మధ్యమధ్యలో మీ ఏసీ గాలి నెమ్మదించి, కాసేపు ఆపితే నీళ్ళు గబగబా కారి మళ్ళీ బాగుపడుతోందంటే ఇదే అయ్యుండొచ్చు, ఫిల్టర్ మురికి వల్ల కూడా అవుతది. మాకు అడ్డగోడ ఒక మూల అర అంగుళం పొట్టిగా ఉంది. ఫోమ్ ముక్క కోసి దూర్చి, రెండు వైపులా ఫాయిల్ టేప్ వేశా.

తర్వాత డక్టుల నోళ్ళు. ప్లీనమ్ గోడలో డక్ట్ మొదలయ్యే చోట అడుగున సీలింగ్ పలకకీ డక్ట్‌కీ మధ్య, పైన రూఫ్ పలకకీ డక్ట్‌కీ మధ్య, పక్కల్లో చెక్కలకీ మధ్య సందులుంటాయి. గండి అంటే ఇదే. ఫ్యాన్ బలమంతా ఇక్కడే ఎక్కువ ఉంటది కాబట్టి ఇక్కడ వేలెడు సందు చివర్లో చేటంత రంధ్రంతో సమానం. ఆ గాలంతా రూఫ్ లోపలి ఇన్సులేషన్‌లోకి పోతది. హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్ళల్లో అయితే ఇంకో చిక్కు కూడా ఉంది, సీలింగ్ లోపల చల్లబడ్డ చోట తేమ చెమట పట్టినట్టు పట్టి సీలింగ్ మీద మరకలు వస్తాయి, రూఫ్ లీకనుకుని మనం పైన సీలెంట్ పూస్తూ ఉంటాం.

వీటిని ఎలా మూయాలంటే, ముందు వ్యాక్యూమ్ పెట్టి రంపపు పొట్టు, ఫోమ్ పూసలు, రేకు ముక్కలు అన్నీ లాగేయండి. మా డక్ట్ నోట్లో గుప్పెడు పొట్టు, ఒక ప్లాస్టిక్ కవరు, వైర్ ముక్క దొరికాయి, కాలువలో పూడిక లాగానే. తర్వాత ఆల్కహాల్ గుడ్డతో తుడవండి, దుమ్ము మీద వేసిన టేప్ వారం ఉండదు. పెద్ద సందులకి నేరుగా టేప్ వెయ్యొద్దు, కొలిచి ఫోమ్ ముక్క కోసి బిగుతుగా కూర్చోబెట్టి, దాని మీద టేప్. టేప్‌ని వేలితో నొక్కి వదిలేస్తే సరిపోదు, పాత క్రెడిట్ కార్డ్‌తో గట్టిగా రుద్దాలి, ముడతలు పోయి నున్నగా అద్దంలాగా రావాలి. టేప్ చిన్న చిన్న ముక్కలు చేసుకుని వేయండి, మొదటిరోజు నేను మూడడుగుల ముక్క పట్టుకుని పైకి లేపితే నా మోచేతికి చుట్టుకుంది, జుట్టు కూడా కొంచెం పోయింది. అంచులన్నీ, మూలలన్నీ కలిపి లోపలంతా ఫాయిల్‌తో పెట్టెలాగా అయిపోవాలి. గాలికి ఏసీ నుంచి డక్ట్‌లోకి తప్ప ఇంకో దారి కనపడకూడదు. పీల్చే వైపు కూడా ఇదే పని చెయ్యండి, చాలామంది ఆ వైపు వదిలేస్తారు, వదిలేస్తే రూఫ్ వేడి గాలిని పీల్చి దాన్ని చల్లబరచడానికి మీ కంప్రెసర్ చచ్చి పని చేస్తది.

అదే ఊపులో ఆ నాలుగు బోల్టులు కూడా చూస్కోండి. రూఫ్ మీద ఏసీ కింద ఫోమ్ గాస్కెట్ ఒకటి ఉంటది, సుమారు అంగుళం మందంది, బిగిస్తే అర అంగుళానికి అణగాలి. బోల్టులు లూజుగా ఉంటే గాలీ పోతది వాననీళ్ళూ వస్తాయి. కొద్దికొద్దిగా నాలుగూ సమానంగా బిగించండి, బలం ఉంది కదా అని గట్టిగా తిప్పొద్దు, కిందున్న ప్లాస్టిక్ బేస్ పగులుతది. కొలిచి బిగించే రెంచ్ ఉంటే మీ ఏసీ మాన్యువల్‌లో చెప్పిన అంకె దాటొద్దు, చాలావాటికి 40 నుంచి 50 ఇంచ్ పౌండ్ల మధ్య ఉంటది. అవి ఇంచ్ పౌండ్లు, ఫుట్ పౌండ్లు కాదు, అటూ ఇటూ అయితే కొంప కొల్లేరే.

ఇంక ఒక్కో వెంట్ దగ్గరికి రండి. గుండ్రం వెంట్లు కొన్ని తిప్పితే వస్తాయి, కొన్నిటికి స్క్రూలు. తీసి చూస్తే మీకు కోపం వస్తది. మా బెడ్‌రూమ్ వెంట్ పైన రంధ్రం మూడో వంతు డక్ట్ మీద పడలేదు, పక్కన చెక్క మీద పడింది, ఫాయిల్ కోసిన ముక్క అక్కడే వేలాడుతూ మిగతాది కూడా సగం మూసేసింది. మా మామగారు మూడు రాత్రులు చెమటలు కక్కింది ఈ ఫాయిల్ తోక వల్ల! వేలాడేవన్నీ కట్టర్‌తో శుభ్రంగా కోసేయండి. డక్ట్ అడుగుకీ సీలింగ్ పలకకీ మధ్య సందుని చుట్టూ చిన్న ముక్కలతో, పూల రేకుల్లాగా ఒకదాని మీద ఒకటి పడేట్టు టేప్ వేసి మూసేయండి, టేప్ లోపలి నుంచి మొదలై సీలింగ్ మీదకి కొంచెం వచ్చి వెంట్ అంచు కింద దాగేట్టు. వెంట్ మళ్ళీ పెట్టేటప్పుడు అంచు కింద సన్న ఫోమ్ స్ట్రిప్ అంటించండి, తలుపులకి వేసేది. ఇవన్నీ ఒక్కోదానికి పావుగంట, మెడ నొప్పి ఫ్రీ.

చివరి వెంట్ తీసినప్పుడు లోపల చెయ్యి పెట్టి అవతలికి తడమండి. చాలా ట్రైలర్లలో డక్ట్ చివరి వెంట్‌తో ఆగదు, ఇంకో అడుగో మూడడుగులో ముందు గోడ దాకా పోతది, అక్కడ చివర సరిగ్గా మూసి కూడా ఉండదు. గాలి అక్కడికి పోయి గోడల్లోకి దిగిపోతది. దీనికి మందు, ఫోమ్ ముక్క ఒకటి డక్ట్ వెడల్పుకి సరిపడా కోసి వెంట్ దాటాక వెంటనే ఏటవాలుగా, ఇంచుమించు 45 డిగ్రీల వాలుతో దూర్చండి, పై అంచు వెంట్ మీదకి ఒరిగి, కింది అంచు వెంట్ అవతల ఆనేట్టు. చుట్టూ టేప్. గాలి వచ్చి వాలుకి తగిలి కిందకి మళ్ళుతది. నన్నడిగితే ఈ పనంతటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ప్లీనమ్ తర్వాత ఇదే, ఖర్చేమో ఫోమ్ ముక్క.

ప్లీనమ్‌లో గాలి కిందకి దూకి నేలకి కొట్టుకున్నట్టు కొట్టుకుని అప్పుడు డక్టుల్లోకి మళ్ళుతది కదా, అక్కడ కూడా గుర్రపు జీను ఆకారంలో వాలు పెడితే గాలి ముందుకీ వెనక్కీ మెత్తగా మళ్ళుతదని చెప్తారు, రెడీమేడ్‌గా అమ్మేవి కూడా ఉన్నాయి. నేను ఫోమ్‌తో చేసి పెట్టా. కొంచెం తేడా ఉంది, శబ్దం కూడా తగ్గింది. కానీ దారి ఇరుకు చేసేట్టు పెడితే ఉన్నదీ పోతది, కాబట్టి సందులు మూసే పనులన్నీ అయ్యాక, ఓపికుంటేనే.

అంతా బిగించి మళ్ళీ అదే టైమ్‌కి, అదే హై ఫ్యాన్‌లో, అవే మూడు చోట్ల కొలవండి. మాకు పీల్చేచోట 80, దగ్గర వెంట్ 61, బెడ్‌రూమ్ 63. ఏడు డిగ్రీల నష్టం రెండుకొచ్చింది. టిష్యూ పేపర్ బెడ్‌రూమ్‌లో ఈసారి చేతిలోంచి ఎగిరి మంచం మీద పడింది.

ఇప్పుడు తూముల సంగతి. గండ్లు పూడ్చాకే దీని జోలికి రావాలి, ముందే చేస్తే వృథా. ఏసీకి దగ్గరున్న వెంట్లు సగం మూస్తే దూరం వాటికి గాలి పెరుగుతది. సగమే, పూర్తిగా కాదు, అన్నీ మూసుకుంటూ పోతే కాయిల్ మీద గాలి తగ్గి మళ్ళీ మంచు కథ మొదలవుద్ది. బాత్రూమ్ వెంట్ ముప్పావు మూసేయొచ్చు, అక్కడ ఎవరూ కాపురం ఉండరు కదా. క్విక్ కూల్ మూతలు పగలు హాల్లో అందరూ ఉన్నప్పుడు తెరవండి, రాత్రి మూసేయండి. థర్మోస్టాట్ మీదకి ఏ వెంట్ గాలీ నేరుగా కొట్టకుండా వెంట్ తిప్పండి, లేకపోతే దానికి చలేసి ఏసీ ఆపేస్తది, మీకేమో ఉడుకుతూనే ఉంటది.

రూఫ్ మీద కాయిల్ కూడా సీజన్‌కోసారి చూడాలి, ప్లాస్టిక్ కవర్ తీసి, మెత్తటి బ్రష్, తక్కువ ప్రెజర్ నీళ్ళు, వంగిన రేకులు దువ్వెనతో సరిచెయ్యడం. టెక్సస్‌లో కందిరీగలు అందులో మట్టి గూళ్ళు కడతాయి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కండి. మీ రూఫ్ మీద మనిషి నడవొచ్చో లేదో మాన్యువల్ చూస్కునే ఎక్కండి, కొన్నిటి మీద నడవకూడదు.

పెద్ద ఏసీ కొందామా అన్న ఆలోచన ఇంకా ఉంటే ఒక్క లెక్క. 30 ఆంప్ అంటే మీకు మొత్తం 3,600 వాట్లు. 13,500 ఏసీ తిరుగుతూ 12, 13 ఆంప్స్ తింటది, స్టార్ట్ అయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ. 15,000 పెడితే ఇంకొంచెం పెరుగుతది, దాంతోపాటు మైక్రోవేవ్ ఆన్ చేస్తే బ్రేకర్ పడొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, గండి పడ్డ కాలువలోకి ఇంకో గేటు ఎత్తితే గండి పెద్దదవుద్ది. నాకు ఒక రిపేర్ షాపులో ఏసీ మార్చమనే చెప్పారు, గ్రిల్ కూడా విప్పి చూడకుండానే. నాకైన ఖర్చు ఫాయిల్ టేప్, ఫోమ్ షీట్, స్ట్రిప్ అన్నీ కలిపి ఒక ఫ్యామిలీ బిర్యానీ బిల్లు కంటే తక్కువ, రెండు శనివారాలు, కొంచెం మెడ.

పని అయ్యాక మిగిలిన టేప్ రోల్ ట్రైలర్‌లోనే పడేయండి. రోడ్డు మీద కుదుపులకి మూలల్లో టేప్ లేస్తది, మొదటి ట్రిప్ తర్వాత ఒకసారి గ్రిల్ దించి చూస్కోండి, మాకు రెండు మూలలు లేచాయి, మళ్ళీ రుద్దా. ఆ తర్వాత ప్రతి ఏప్రిల్‌లో, ఎండలు ముదరకముందే, ఒక అగరబత్తి వెలిగించి గ్రిల్ చుట్టూ తిప్పితే చాలు. స్మోక్ అలారం మీద అప్పటిదాకా ఒక షవర్ క్యాప్ తొడగండి, అయిపోయాక తియ్యడం మాత్రం మర్చిపోవద్దు.